ఊదా రంగు: సీజర్ల ఆంక్ష నుండి విశాఖ రేవు వరకు

విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారం దగ్గర ఉత్తరపు ఒడ్డున మూడు కొండలు ప్రక్కప్రక్కన ఉన్నవి. ఒకదాని మీద వేంకటేశ్వరాలయం, ఒకదాని మీద మరియమాత చర్చి, మూడవదాని మీద హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా. ఊరికి ‘ఇసాకపట్నం’ అనే వాడుక ఈ దర్గా వల్లనే వచ్చిందని స్థానికులు కొందరు చెప్పుకుంటారు. ఈ కొండల క్రింది కాలువ గుండా 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ లోపలి రేవులోనికి ప్రవేశించింది. అదే ఏడాది డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు.

ఆ రేవును అంత ఖర్చుకోర్చి త్రవ్వడానికి ముఖ్యమైన కారణం నేడు చాలామందికి గుర్తు లేదు. మధ్యపరగణాలలో దొరికే మాంగనీసు ముడిఖనిజాన్ని దగ్గరి దారిన సముద్రానికి చేర్చడమే ఆ కారణం. అందుకోసమే రాయపూర్ నుండి విజయనగరానికి రైలు మార్గాన్ని 1931 నాటికి పూర్తి చేశారు. అసలు భారతదేశంలో మాంగనీసు త్రవ్వకం మొదలైనది కూడా ఈ ప్రాంతంలోనే. 1892 ప్రాంతంలో అప్పటి విశాఖపట్నం జిల్లాలోని గనులలో, అంటే నేటి విజయనగరం జిల్లాలోని కోడూరు, గర్భాం వైపు, ఆ పని ఆరంభమైంది.

మాంగనీసు చూపుకు నల్లని రాయి. చేతికి మసి అంటుతుంది. కాని దానిని కరిగిన గాజులో కొద్దిగా కలిపితే ఆ గాజు ఊదా రంగు తేలుతుంది. కుండల మీది గాజుపూతలో కలిపినా అంతే. అందలూసియాలో కార్డోవా సమీపాన 10వ శతాబ్దంలో ఉమయ్యా ఖలీఫాలు కట్టించిన మదీనతుజ్ జహ్రా శిథిలాలలో తెల్లని పూత మీద ఆకుపచ్చ, ముదురు ఊదా రంగులతో అలంకరించిన పాత్రలు విరివిగా దొరికాయి. ఆ పచ్చదనం రాగిది, ఆ ఊదాతనం మాంగనీసుది. 16వ శతాబ్దం మధ్యలో ఉస్మానియా సామ్రాజ్యపు ఇజ్నిక్ కుమ్మరులు నీలంతో పాటు ఇదే ఊదాను వాడి అద్భుతమైన పళ్ళెములు చేశారు. దివ్య ఖురాన్‌లోని ఫాతిర్ సూరా కొండలలోని తెల్లని, ఎర్రని, కారునల్లని చారలను దైవసూచనలలో లెక్కించింది. ఆ నల్లని చార కడుపులో మరొక రంగు దాగి ఉన్నదని కుమ్మరివానికి అతని కొలిమి చెప్పింది.

ఈ రంగుకు ప్రపంచ చరిత్రలో ఒక విచిత్రమైన స్థానం ఉన్నది. రంగులలో ఇంతగా రాజుల కావలి క్రింద బ్రతికినది మరొకటి లేదు. దీనిని కట్టుకున్నందుకు మనుషులు ఆస్తులు పోగొట్టుకున్నారు. కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. ఇస్లాం అరేబియాలో వెలసిన నాటికి ఆ కావలి పూర్తి బలంతో నిలిచి ఉన్నది.

నత్తలు, నిషేధాలు

తెలుగులో ఊదా అనే మాట ఉర్దూ వాడుక నుండి వచ్చింది. అంతకు ముందు మనవారు ఈ రంగును నేరేడు పండుతోనో, వంగపండుతోనో పోల్చి చెప్పుకునేవారు. చీరల అంగళ్ళలో వంగపండు రంగు అనే మాట నేటికీ చెల్లుతుంది. పండుతో పోల్చిన రంగు ఎవరి సొత్తూ కాదు. మధ్యధరా తీరంలో మాత్రం సంగతి వేరు. అక్కడ ఈ రంగు సముద్రపు నత్తల నుండి వచ్చేది. తూరు, సైదా నగరాల ఫినీషియన్లు వేల సంవత్సరాల క్రితమే ఆ విద్య కనిపెట్టారు. ఒక్కొక్క నత్త గ్రంథిలో ఉండేది చుక్కెడు ద్రవం. అది గాలికి, వెలుతురుకు తగిలితే ఊదాగా మారుతుంది. 1909లో ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 12,000 నత్తలను పగులగొడితే చేతికి వచ్చిన రంగు 1.4 గ్రాములు మాత్రమే. ధర ఎందుకు ఆకాశాన్నంటిందో దీనిని బట్టి తెలుస్తుంది. క్రీ.శ. 301లో డయొక్లీషియన్ చక్రవర్తి ప్రకటించిన ధరల పట్టికలో ఊదా అద్దిన పట్టు రోమన్ పౌను ఒక్కింటికి 1,50,000 దీనారీలు.

ఖరీదు ఒక్కటే అయితే అది ధనికుల రంగుగా ఉండిపోయేది. రాజులు దానిని చట్టంతో కట్టివేశారు. నీరో చక్రవర్తి ఈ రంగు అమ్మకాన్ని నిషేధించాడు. ఒకనాడు తాను పాడుతుండగా శ్రోతలలో ఒక స్త్రీ ఆ రంగు వస్త్రంతో కనిపిస్తే భటులకు చూపించాడనీ, వారు ఆమె వస్త్రాన్నే కాక ఆస్తిని కూడా ఊడలాగుకున్నారనీ రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ వ్రాశాడు. నాలుగైదు శతాబ్దాలలో రోమన్ శాసనాలు మరింత బిగిశాయి. ఉత్తమ జాతి ఊదా నేయడం, అద్దడం రాజు కర్మాగారాలకే పరిమితమయ్యాయి. ఇళ్ళలో దాచుకున్న వస్త్రాలను సైతం అప్పగించమన్నారు. బైజాంటియంలో సింహాసనం మీద ఉన్న రాజుకు పుట్టిన బిడ్డను ‘ఊదాలో పుట్టినవాడు’ అని పిలిచేవారు. ‘ఊదా ధరించాడు’ అంటే తిరుగుబాటు చేసి సింహాసనం ఎక్కాడని అర్థం. ఒక బట్ట కట్టుకోవడమే రాజద్రోహమైన కాలమది.

జీను మీది మెత్త

అరబ్బులు ఈ రంగును ‘ఉర్జువాన్’ అన్నారు. అది పారసీకంలోని ‘అర్గవాన్’ అనే పూలచెట్టు పేరు నుండి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. ఉత్తరాన కైసర్, తూర్పున కిస్రా. ఈ ఇద్దరి దర్బారుల వైభవాన్ని వర్తకులు చూసి వచ్చి మక్కాలో చెప్పుకునేవారు. కనుక ఉర్జువాన్ అంటే ఏమిటో దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) కాలపు అరబ్బులకు బాగా తెలుసు.

హదీసులలో ఈ రంగు ప్రస్తావన ఒక చిత్రమైన చోట వస్తుంది. అది కిరీటం దగ్గర కాదు, సింహాసనం దగ్గర కాదు, జీను దగ్గర. ప్రవక్త (సఅసం) వారించిన ఏడు విషయాలను హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. బంగారు ఉంగరం, వెండి పాత్రలు, పట్టు రకాలతో పాటు జీను మీద పరిచే ఎర్రని మెత్తలు కూడా అందులో చేరాయి. సుననె అబూ దావూద్‌లో హజ్రత్ అలీ (రజి) ద్వారా వచ్చిన ఉల్లేఖనంలో ఆ మెత్తలకు ఉర్జువాన్ అనే పేరే వచ్చింది. తాము ఉర్జువాన్ పరచిన వాహనం ఎక్కబోమనీ, కుసుమపూల రంగు బట్ట తొడగబోమనీ ప్రవక్త (సఅసం) అన్నట్లు హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) చెప్పిన హదీసు కూడా అదే గ్రంథంలో కలదు.

ఇది రంగు మీది నిషేధమా, గర్వం మీది నిషేధమా అన్న చర్చ పండితులలో చాలాకాలం సాగింది. అబూ ఉబైద్ వంటి ప్రాచీన భాషావేత్తలు ఆ మెత్తలు పారసీక ప్రముఖుల వాహనాలకు వేసే పట్టు మెత్తలని వివరించారు. ప్రవక్త (సఅసం) ఎర్రచారల యెమన్ దుస్తులు ధరించగా చూసినట్లు అదే బరా (రజి) చెప్పిన మరొక హదీసు ఉన్నది. కుసుమ రంగు విషయంలో సైతం ఇమాములు ఒకే మాట మీద లేరు. హనఫీలు పురుషులకు అది అయిష్టకరమన్నారు. ఇమామ్ షాఫయీ అనుమతించారు. మొత్తం మీద చూస్తే రంగు కన్నా దానిని పరిచే తీరు, పరిచేవాని ఆడంబరం ఇక్కడ ప్రధానమని తోస్తుంది. స్త్రీలకు ఏ రంగూ నిషిద్ధం కాలేదన్న విషయం కూడా గమనార్హం.

ఖారూన్ కథకు వ్యాఖ్యాతలు చేర్చిన ఒక వివరం ఈ అభిప్రాయాన్ని బలపరుస్తుంది. అతడు తన సింగారంతో ప్రజల ముందుకు వచ్చాడని మాత్రమే ఖసస్ సూరా చెబుతుంది. తబరీ, జమఖ్షరీల వ్యాఖ్యానాలలో ఆ సింగారం చిత్రించబడింది. అతడు ఎక్కినది బూడిద తెలుపు కంచరగాడిద, దాని మీద ఉర్జువాన్ వస్త్రం, బంగారు జీను, వెంట అదే వేషంలో నాలుగు వేల మంది. ఈ వివరం మూలగ్రంథంలోనిది కాదు. కాని తొలి తరాల ముస్లింలకు దురహంకారం అనగానే కళ్ళ ముందు ఏ రంగు మెదిలేదో అది చెప్పకనే చెబుతున్నది.

క్రీ.శ. 638 ప్రాంతంలో హజ్రత్ ఉమర్ (రజి) బైతుల్ మఖ్దిస్ చేరుకున్నారు. అంతవరకు ఆ నగరం ఊదా ధరించే చక్రవర్తి ఏలుబడిలోనిది. ఖలీఫా వంటిమీద అతుకుల బట్ట ఉన్నదని చరిత్రకారులు వ్రాసిన సంగతి పాఠకులకు విదితమే. అంతకన్నా తక్కువ ప్రసిద్ధి గల సంఘటన మరొకటి ఉన్నది. అజర్‌బైజాన్‌లో ఉత్బా బిన్ ఫర్ఖద్ వద్ద ఉన్న సైన్యానికి ఆయన ఒక లేఖ పంపుతూ విలాసం, పరాయి ఏలికల వేషం, పట్టు వద్దని హెచ్చరించారు. గెలిచిన సైనికుడు ఓడిన రాజు అలమర తెరవడమే సామ్రాజ్యాలలో మొదటి పని. ఉమర్ (రజి) భయపడినది దానికే.

ఆ భయం నిజమైంది

ఖలీఫాలు కైసర్ రంగును తీసుకోలేదు. సిరియా తీరపు రేవులు ముస్లింల పాలనలోకి వచ్చాక అక్కడి నత్తల పరిశ్రమ క్రమంగా సన్నగిల్లింది. కాన్‌స్టాంటినోపుల్‌లో మాత్రం కొన్ని శతాబ్దాలు కొనసాగింది. కాని రంగు మారినంత మాత్రాన రాజుల బుద్ధి మారలేదు. అబ్బాసీలు నలుపును ప్రభుత్వపు రంగు చేశారు. దర్బారులో నల్లని దుస్తులు తప్పనిసరి అయ్యాయి. మామూన్ 817లో ఇమామ్ అలీ రజాను వారసునిగా ప్రకటించి ఆకుపచ్చకు మారి, రెండేళ్ళకే మళ్ళీ నలుపుకు వచ్చాడు. ఫాతిమీలు తెలుపు అన్నారు. ఇవి రాజకీయ చిహ్నాలు; పెద్దగా ఆక్షేపించవలసినది లేదు. 850లో ముతవక్కిల్ చేసిన పని వేరు. ముస్లిమేతర పౌరులు తేనెరంగు పసుపు వస్త్రం వేసుకోవాలని అతడు శాసించాడు. రాజుకు ఒక రంగు కట్టిపెట్టడం ఎంత తప్పో, బలహీనునికి ఒక రంగు అంటగట్టడం అంతకన్నా తప్పు. దీనిని మన చరిత్ర గ్రంథాలు తరచు దాటవేస్తాయి.

హిందూస్థాన్‌లో మొగలు పాదుషాలు ఎర్ర గుడారం తమ కుటుంబానికే అట్టిపెట్టుకున్నారు. జహంగీర్ అయితే కొన్ని రకాల అంగీలను, శాలువలను పేర్లతో సహా ప్రత్యేకించి, తాను బహూకరిస్తే తప్ప మరెవరూ ధరించరాదని ఆజ్ఞాపించిన సంగతిని తన జ్ఞాపకాలలో తానే వ్రాసుకున్నాడు. రోమన్ శాసనానికీ దీనికీ తేడా నేతలోనే కాని నీతిలో లేదు. దక్కనులో ఆసఫ్‌జాహీల పతాకం పసుపుపచ్చనిది. ఆ వంశపు మూలపురుషునికి సూఫీ షేక్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ పసుపు గుడ్డలో కుల్చాలు మూటకట్టి ఇచ్చాడన్న ఐతిహ్యం దానికి కారణంగా చెబుతారు. జెండాలోని తెల్లని గుండ్రటి గుర్తు ఆ కుల్చాయే. ముతవక్కిల్ అవమాన చిహ్నంగా వాడిన పసుపు తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత హైదరాబాదులో రాజచిహ్నమైంది. రంగుకు సొంత కులం లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి!

ఇసుకలో పండిన ఊదా

రాజులు ఎవరైనా, వారు కట్టుకున్న రంగులలో చాలా భాగం తెలుగు తీరం నుండి వెళ్ళింది. ఇక్కడి ఊదాకు నత్త అవసరం లేదు. కృష్ణా ముఖద్వారం నుండి ఉత్తర సర్కారుల దాకా సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో చిరివేరు అనే చిన్న మొక్క పెరుగుతుంది. దాని సన్నని వేళ్ళే అద్దకపువారి పెట్టుబడి. 17వ శతాబ్దపు ఐరోపా వర్తకులు నిజాంపట్నం ప్రాంతపు చిరివేరును ఎంతో మెచ్చుకున్నారు. తర్వాతి శతాబ్దంలో, 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఈ మొక్కను శ్రద్ధగా పరిశీలించి, 1795 నుండి వెలువడిన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దాని బొమ్మను మొదటి పలకల సరసనే చేర్చాడు.

ఈ వేరు చేసే పని గమనింపదగినది. బట్టను ముందు కరక్కాయ, గేదెపాల ద్రావణంలో ముంచి ఆరబెడతారు. తర్వాత పటిక నీటితో బొమ్మ వ్రాసి చిరివేరు కషాయంలో ఉడికిస్తే ఆ గీతలు ఎర్రగా తేలుతాయి. పటికకు బదులు బెల్లపు నీటిలో ఇనుప ముక్కలు ఊరవేసిన ద్రవంతో వ్రాస్తే అదే కాగులో అదే వేరు నలుపు ఇస్తుంది. ఈ రెండింటినీ కలిపి వ్రాస్తే, పాళ్ళను బట్టి, లేత వంగపండు నుండి ముదురు నేరేడు దాకా ఊదా వస్తుంది. నీలి మీద చిరివేరు వేసినా ఊదాయే. కైసర్ పన్నెండు వేల ప్రాణులను చంపి సాధించిన ఛాయను మచిలీపట్నం పనివాడు తుప్పుతో, బెల్లంతో సాధించాడు.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం ఈ వ్యాపారానికి ప్రధానమైన రేవు. కలంకారీ అనే పేరే పారసీకం. ఇరాన్ నుండి వచ్చిన వర్తకులు తమ దేశపు అభిరుచికి తగిన పూలు, సర్వీ చెట్లు ఇక్కడ వ్రాయించారు. వారిలో వజ్రాల వ్యాపారిగా మొదలై గోల్కొండ మంత్రి అయిన మీర్ జుమ్లా ముహమ్మద్ సయ్యద్ అర్దిస్తానీకి సొంత ఓడలు కూడా ఉండేవి. మచిలీపట్నం నుండి తెనాసరిం మీదుగా సియాం రాజధాని అయుత్తయకు సాగిన మార్గంలో ఈ ఇరానీ ముస్లింల పలుకుబడి ఎక్కువ. 1685లో ఇరాన్ షా సులైమాన్ సియాంకు పంపిన రాయబార వృత్తాంతం ‘సఫీనయె సులైమానీ’ అనే గ్రంథంగా మిగిలింది. సియాం దర్బారు తన నమూనాలు పంపి కోరమాండల్ తీరంలో బట్టలు అద్దించుకునేది. వాటిని రాజు తన అధికారులకు హోదాను బట్టి పంచేవాడు. ఎవరికి ఏ అంచు, ఏ రంగు అన్నది అక్కడ పదవిని తెలిపేది. అద్దిన పనివానికి మాత్రం ఆ అంచు అర్థమేమిటో తెలిసి ఉండదు.

ఐరోపా రాజులకు ఈ రంగుల మీద వేరొక భయం పట్టుకున్నది. చవకగా, ఉతికినా పోని రంగులతో వచ్చిన కోరమాండల్ చీట్లను ఇంటి పనిమనిషి కూడా కట్టుకోగలిగింది. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. 1686లో ఫ్రాన్సు, 1700లోను 1721లోను ఇంగ్లండు ఈ బట్టలను నిషేధించాయి. నీరో నాటి ఆంక్ష గొప్పవారికే ఈ రంగు అన్నది; కొత్త ఆంక్ష ఎవరికీ ఈ బట్ట వద్దన్నది.

విశాఖపట్నంలో ఇంగ్లీషు కంపెనీ వర్తకశాల 1682లో పెట్టబడింది. ఇక్కడి సరకు ప్రధానంగా ‘పుంజం’ బట్ట. పుంజం అంటే 120 పడుగు నూళ్ళు. ఎన్ని పుంజాలో దానిని బట్టి నాణ్యత. ఈ తీరపు బట్టకు పడిన రంగులలో నీలి ముఖ్యమైనది. నీలి అద్దిన కోరమాండల్ బట్టలకు ‘గినీ’ అనే పేరు వచ్చింది. పశ్చిమాఫ్రికా తీరంలో మనుషులను కొనడానికి చెల్లించిన సరకులలో అవి ప్రముఖమైనవి కావడమే ఆ పేరుకు మూలం. ఆ కొనుగోలులో బానిసలైనవారిలో ముస్లింలు కూడా ఎందరో ఉన్నారు. రాజుల రంగు కథలో ఈ పుట చీకటిది. కొలతబద్దతో కొలిచిన నీలి గుడ్డకు ఒక మనిషి ప్రాణం వెల కట్టారు. తెలుగు నేతగానికి ఆ సంగతి తెలియదు. కంపెనీ లెక్కలు వ్రాసినవారికి తెలుసు.

నీలి, అన్నీల్, అనిలిన్

ఇక్కడ ఒక మాట ప్రయాణం చెప్పవలసి ఉన్నది. సంస్కృతంలోను తెలుగులోను ఉన్న నీలి అరబ్బు నావికుల నోట ‘అన్నీల్’ అయింది. పోర్చుగీసువారు దానిని ‘అనీల్’ అన్నారు. 1840లో ఫ్రిట్జ్‌షె అనే రసాయన శాస్త్రజ్ఞుడు నీలిమందును మరిగించి తీసిన నూనెకు ఆ మాట నుండే ‘అనిలిన్’ అని పేరు పెట్టాడు. అదే అనిలిన్ బొగ్గు తారు నుండి కూడా తయారు చేయవచ్చునని తర్వాత స్పష్టమైంది. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ మలేరియాకు క్వినైన్ తయారు చేయబోయి, అనిలిన్ నుండి ఊదా రంగు మడ్డిని పొందాడు. మొట్టమొదటి కృత్రిమపు అద్దకం అదే. 1858 జనవరిలో విక్టోరియా రాణి తన కుమార్తె పెళ్ళికి ఆ రంగు ధరించింది. ఒకటి రెండేళ్ళలో లండన్ వీధుల్లో ప్రతి స్త్రీ దానినే కట్టింది. మూడు వేల ఏళ్ళ రాజభోగం ఒక కుర్రవాని గాజు సీసాలో ముగిసింది.

ఫ్రీడ్‌లాండర్ నత్తలను పగులగొట్టి కనుగొన్న మరొక సత్యం కూడా చెప్పుకోవాలి. కైసర్ ఊదాకూ మన నీలిమందుకూ రసాయన నిర్మాణం దాదాపు ఒక్కటే. నీలి అణువుకు రెండు బ్రోమిన్ పరమాణువులు తగిలిస్తే అది తూరు ఊదా అవుతుంది. ఒకదానిని చక్రవర్తి తాళం వేసి దాచాడు. మరొకదానిని మన చాకలి తెల్లబట్టల జాడింపు నీటిలో వేసేవాడు.

ఆ గాజు సీసా ఆంధ్ర తీరానికి మేలు చేయలేదు. 1868లో జర్మన్ శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారు చేశారు. చిరివేరులో ఎరుపు, ఊదాలకు ప్రాణం ఆ పదార్థమే. కొద్ది ఏళ్ళలోనే అది అంగడిలోకి వచ్చింది. చిరివేరు త్రవ్వే కుటుంబాల పని పోయింది. 1897లో జర్మనీ నుండి కృత్రిమ నీలి వచ్చాక ఇరవై ఏళ్ళ లోపే మన నీలి సాగు కూలిపోయింది. కడప పేరు మీద ప్రపంచపు బజారులో ‘కుర్పా’ అని చెలామణి అయిన నీలిమందు పేరు కూడా మరుగున పడింది. నీలి తొట్లు కట్టించుకున్న రైతులు వేరుశనగకు, పత్తికి మళ్ళారు. అద్దకపువారికి మళ్ళడానికి పొలం లేదు. మచిలీపట్నం, పెడనలలో మాత్రం కొన్ని కుటుంబాలు పని వదలలేదు. వారిలో ముస్లింలూ ఉన్నారు.

మళ్ళీ విశాఖపట్నానికి వస్తే, ఆ తారు కథ, మాంగనీసు కథ రెండూ ఇక్కడ ఒకే ప్రహరీలో కలిశాయి. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. బొగ్గును కోక్‌గా మార్చే బట్టీలలో ఉపఉత్పత్తిగా తారు, బెంజాల్ వస్తాయి. పెర్కిన్ ఊదాకు పునాది ఆ వంశపు పదార్థమే. ఇక మాంగనీసు లేనిదే ఉక్కు లేదు. ఇనుములోని గంధకాన్ని అది తనలో కలుపుకుని, ఎర్రగా కాల్చి సాగగొట్టేటప్పుడు ఉక్కు పగలకుండా కాపాడుతుంది.

ఉక్కు బట్టీలో ఆ మాంగనీసు తన రంగు చూపదు. దానిని ఊదాగా చూసినవారు మరొకచోట ఉన్నారు. మాంగనీసు నుండి తయారయ్యే పర్మాంగనేటు ముదురు ఊదా స్ఫటికం. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ‘లాల్ దవా’ అంటారు. 1890 దశకంలో ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే శాస్త్రజ్ఞుడు, కలరా సోకిన ఊళ్ళలో దీనిని బావుల్లో వేయాలని ప్రచారం చేశాడు. దేశమంతటా అది అలవాటైంది. ఊళ్ళో కలరా మొదలైందంటే సర్కారు మనిషి పొట్లంతో వచ్చి, సాయంకాలం వేళ బావి బావికీ ఆ మందు వేసేవాడు. నీళ్ళు ఊదాగా కమ్మి, పలుచనై గులాబిగా మారేవి. ఆ రాత్రి ఎవరూ చేద వేయకూడదు. తెల్లవారి రంగు విరిగాక నీళ్ళు తోడుకునేవారు.